తువ్వాల కింది ధర

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. మంచు అందామంటే మంచు కాదు, మబ్బు అందామంటే మబ్బు కాదు. గంజి వార్చిన గిన్నె అడుగులాగా తెల్లగా, మందంగా, కల్వకుర్తి మీద బోర్లించినట్టు ఉంది. శ్రీశైలం రోడ్డు మీద లారీలు లైట్లు ఆర్పకుండానే పోతున్నాయి. షట్టరు సగం పైకెత్తి, దాని కింద వంగి నిలబడి బాలకృష్ణ పైకి చూశాడు. తాను మిక్సింగ్ పని చేసుకునేవాడు, నాలుగు గోడల మధ్య కూర్చుని పెళ్లి వీడియోలు కత్తిరించి అతికించి బతికేవాడు, తనకు ఆకాశంతో ఏం పని. అయినా చూశాడు, ఎందుకంటే దాని కిందనే ఎక్కడో, తొమ్మిది కిలోమీటర్ల అవతల నుంచి, నాయిన పత్తి ట్రాక్టరు మీద వస్తున్నాడు. నాలుగు చుక్కలు రాలితే చాలు, దీపావళి నుంచి ఇంట్లో దాచిన పత్తి మిల్లు గేటు ముందు రంగు మారిపోతుంది. నిద్ర లేచి మొదట పైకి చూడటం చిన్నప్పటి అలవాటు. బడికి పోయేటప్పుడు కూడా పుస్తకాల సంచి కంటే ముందు ఆకాశమే. ఇట్లా ఏమీ తేలని ఆకాశం అన్నిటికంటే చెడ్డది. కురిస్తే కురిసిందని ఊరుకుంటాం, కాస్తే కాసిందని పనిలో పడతాం, ఇది మాత్రం మనిషిని గుమ్మంలోనే నిలబెట్టేస్తుంది. ఇందాక నాయిన ఫోన్ చేశాడు. ఫోన్‌లో నాయిన గొంతు ఎప్పుడూ చేను అవతలి గట్టు మీది మనిషిని పిలిచినట్టే ఉంటుంది.

"బయలెల్లినం రా బాలకిష్ణా. మిల్లుకాడ బండ్లు మస్తుగ ఆగినయంట. లైన్ల బెట్టి నీ కాడికొస్త. మీ అమ్మ రొట్టెలు కట్టింది, నువ్వేం తినకు."

"నిమ్మలంగ రా నాయినా. తొందరేం లేదు."

ఆ మాట మర్యాదకు అన్నది కాదు. ఎంత ఆలస్యమైతే అంత మంచిదని కడుపులోంచి వచ్చింది. ఇప్పుడు టైము ఏడున్నర. ఎనిమిదింటికి, సముద్రాల అవతల ఒక పెద్ద హాల్లో, అక్కడి వాళ్లకు అది ముందటి రోజు సాయంత్రమట, కంప్యూటరులో వీడియోలను నడిపించే కొత్త గ్రాఫిక్స్ కార్డు గురించి చెప్తారు. నాయిన వచ్చేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. ఆ మధ్యలోని అరగంటలో ఆ మాట మంచిదిగా వినపడితే బెంచీ మీద నాయినను కూర్చోబెట్టి చెప్పేయొచ్చు. పాతది అమ్మిన నాయినా, కొత్తది సగం ధరకే వస్తాంది, రెండింతల పని చేస్తది, అని. చెడ్డదిగా వినపడితే ఏం చెప్పాలో నెల రోజుల నుంచి వెతుకుతున్నాడు, దొరకలేదు.

లైటు వేయలేదు. లోపల పాత గోడల వాసన, అగరొత్తుల వాసన. బల్ల మీద కంప్యూటరు మిషను, దాని మీద నీలం గీతల తువ్వాల. దుమ్ము పడకుండా కప్పిందని ఎవరైనా అనుకుంటారు. తానూ మొదట్లో అట్లాగే అనుకోవాలని చూశాడు. తువ్వాల కింద, పక్క మూత లోపల, కార్డు ఉండాల్సిన చోట ఇప్పుడు ఒక పొడుగాటి ఖాళీ. పన్ను పీకించుకున్నాక నాలుక మాటిమాటికీ అక్కడికే పోయినట్టు కళ్లు అక్కడికే పోతాయి. అది లేకపోయినా తెర వెలుగుతుంది, ఫోటోలు కనపడతాయి, కానీ వీడియో ముక్కను పెట్టి నడిపిస్తే పెళ్లికూతురు చెయ్యి ఎత్తి అక్కడే ఆగిపోతుంది, అక్షింతలు గాలిలో నిలబడిపోతాయి, కాసేపటికి అందరూ ఒక్కసారి గెంతుతారు. నెల దాటింది. రోజూ పొద్దున షట్టరు ఎత్తడం, మిషను ముందు కూర్చోవడం, ఫోన్‌లో వాళ్ల మాటలు వినడం, సాయంత్రం షట్టరు దించడం. ఇంటికి పోతే భార్య హరిత అన్నం పెడుతూ మొహంలోకి చూస్తుంది. ఆమెకు తెలుసు. మొన్న మాత్రం చేతిలో గంటె పట్టుకుని నిలబడి అడిగింది, "మామకు నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా? ఊళ్లె ఎవలన్న చెప్తె ఆయన మొగం జూడలేం." నేనే చెప్తానన్నాడు. ఎప్పుడు అని ఆమె అడగలేదు. అడగనందుకు ఆమె మీద ప్రేమ కలిగింది, వెంటనే అడిగితేనే బాగుండేదనిపించింది.

వాళ్ల మాటలంటే, కార్డు గురించి చెప్పేవాళ్ల మాటలు. ఎవరో ఒక పిల్లగాడు, వెనకాల రంగుల లైట్లు పెట్టుకుని, కుర్చీలో ఊగుతూ చెప్తాడు, "మామా, ఈసారి మామూలుగా ఉండదు, లోపలి మనిషి దగ్గర్నుంచి వచ్చిన సమాచారం." లోపలి మనిషి ఎవరో ఎన్నడూ చెప్పడు. ఒకనాడు ఒక ఫోటో చూపిస్తాడు, మసకగా, చీకట్లో తీసినట్టు, ఒక నల్లటి రేకు ముక్క. ఇదే అది అంటాడు. కింద ఐదువేల మంది ఇదే అది అంటారు, ఇంకో రెండువేల మంది ఇది కాదు అంటారు. ఆగస్టులో వస్తదన్నారు. గోడకున్న పంచాంగం క్యాలెండరు మీద పెన్సిలుతో ఆగస్టులో ఒక గీత పెట్టాడు. అక్టోబరన్నారు, చెరిపి అక్టోబరులో పెట్టాడు. ఆ క్యాలెండరు మీద పెళ్లి ముహూర్తాలకు పంతులు చుట్టిన ఎర్ర సున్నాలుంటాయి, వాటి పక్కనే తన పెన్సిలు గీతలు. పంతులు సున్నాలు ఒక్కటీ కదలలేదు. తన గీతలు మాత్రం కాగితం చిరిగేదాకా కదిలాయి. అయినా నమ్మాడు. ఎందుకు నమ్మావంటే చెప్పలేడు. నాయిన మాత్రం నమ్మలేదా, ఊరి పొలాల్లో ఎర్ర రంగు పూసిన రాళ్లు పాతిన ఏడాది, కాలువ వస్తదంట, ఇగో దసరాకంట, ఇగో ఎండకాలానికంట అని, బాయి పూడిక తీయించకుండా ఆగలేదా. ఆ రాళ్లు ఇప్పటికీ ఉన్నాయి, మేకలు వీపు రుద్దుకుంటాయి. "అంట" అనే మాట మీద ఎన్ని ఇళ్లు నిలబడ్డాయో ఈ దిక్కున. పత్తి రేటు పెరుగుతదంట. అందుకే నాయిన రెండు నెలలు పత్తిని పడకటింట్లో పోసి దాని పక్కన పడుకున్నాడు. ఒళ్లంతా దద్దుర్లు. అమ్మ వేపాకు నీళ్లు కాచిపోస్తుంది, ఆయన గోక్కుంటూ, ఇంకో వారం సూద్దాం అంటాడు. దాచిన పత్తి ఊరికే ఉండదు, లోపల్లోపల ఎండుతుంది, రోజుకింత తూకం తగ్గుతుంది. ఆ సంగతి నాయినకు తెలియక కాదు.

అమ్మేయమన్నది రఘుపతి. ఫోటోలు తీసేది అతను, కలిపి పెట్టేది తను, ఎనిమిదేండ్ల జోడు. రఘుపతి మాట్లాడితే బండి వాలులో దిగినట్టుంటుంది. "బాలన్నా, నా మాటిను. జనవరిల కొత్తది దిగితే నీ పాతదాన్ని ఎవడన్న మొకం జూస్తడా? గడ్డిలెక్క జేస్తరు. ఇప్పుడమ్ము. పుష్యమాసం మొదలైతె పెండ్లిళ్లు లేవు, మాఘం దాకా ఊకనే కూసుంటవ్. ఆ ఊకె ఉన్న దినాలల్ల అది నీకెందుకు? మాఘం ముహూర్తాలకు కొత్తదాన్తోని దుమ్ము లేపుతం." లెక్క ఎంత బాగుందంటే, దాంట్లో తప్పు వెతకబుద్ధి కాలేదు. నిజమే, పుష్యంలో ఎవరు పెళ్లి చేస్తారు. పంతులు క్యాలెండరులో ఒక్క ఎర్ర సున్నా లేదు. సీజను అయిపోగానే అమ్మడం, సీజను మొదలయ్యేముందు కొనడం, పశువులకైనా అంతే కదా, దున్నకం అయిపోయాక అమ్మి తొలకరికి కొనేవాళ్లు లేరా. ఉన్నారు. నాయిన మాత్రం వాళ్లను చూసి తల అడ్డంగా ఊపేవాడు. మేపలేక అమ్మేటోళ్లు వేరు, లెక్క జూసుకొని అమ్మేటోళ్లు వేరు అనేవాడు. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చింది. అమ్మిన రోజు గుర్తొచ్చి ఉంటే.

ఏడు నలభై. లైవు ఇంకా మొదలు కాలేదు, ఫోన్‌లో ఒక గడియారం వెనక్కి నడుస్తోంది. దాని పక్కన మనుషుల మాటలు చీమల బారులాగా పైకి పాకుతున్నాయి. సగం ధర. సగం కంటే తక్కువ. లేదు, రెండింతలు. నా మాట రాసిపెట్టుకోండి. నువ్వెవడివి. ఇన్ని లక్షల మంది ఒక ధర కోసం ఇట్లా గుమిగూడటం తాను ఇంతకుముందు చూశాడు, ఎక్కడ చూశాడు, పశువుల అంగడిలో చూశాడు. వేపచెట్ల కింద, పేడా మూత్రాల వాసనలో, బేరం కుదిర్చే దలారి తన తువ్వాలను నాయిన చేతి మీద కప్పి, దాని కింద చెయ్యి పెట్టి వేళ్లు పట్టుకున్నాడు. అక్కడ బేరం నోటితో ఉండదు. వేళ్లను నొక్కడం, వదలడం, మళ్లీ నొక్కడం. తువ్వాల మాత్రమే కొద్దికొద్దిగా కదులుతుంది, లోపల తొండ ఉన్నట్టు. చుట్టూ మూగినవాళ్లంతా ఆ కదలికను చూసి ధర ఇంత అంటే ఇంత అని ఊహిస్తున్నారు, ఒకాయన పందెం కాశాడు కూడా. తాను నాయిన మొహం చూశాడు. ఏమీ లేదు ఆ మొహంలో. అమ్మకానికి తెచ్చిన కర్రెద్దు, బూదెద్దు రెండూ వెనకాల నిలబడి నెమరేస్తున్నాయి. తమ గురించి అని వాటికేం తెలుసు. కార్డు కావాలని తానడిగిన ఏడాది అది. అప్పుడు లోకమంతా కార్డుల కరువు, ఎక్కడా దొరకవు, దొరికితే రెట్టింపు చెప్తారు. పాత మిషనుతో ఒక పెళ్లి వీడియో బయటకు రావడానికి రెండు రాత్రులు ఒక పగలు పట్టేది, పార్టీలు వేరే ఊరికి పోతున్నాయి. నాయిన అంతా విన్నాడు. విని, "దున్నకం ట్రాక్టరు జేస్తనే ఉన్నది. ఎడ్లు ఊకనే మేస్తున్నయి" అన్నాడు. మూడో రోజు అంగడి. అంతే. ఎక్కువ మాట్లాడితే తనకు సిగ్గవుతుందని తక్కువ మాట్లాడాడని ఇన్నేండ్లకు తెలుస్తోంది.

తువ్వాల తీశారు. బేరం కుదిరింది. కొన్నాయన తన వెంట తెచ్చుకున్న కొత్త తాళ్లు ఎడ్ల మెడలకు కట్టాడు, నాయిన తన తలుగులు విప్పుకున్నాడు. అది తమవైపు ఆచారం. పశువును ఇస్తారు, కట్టేసిన తలుగు ఇవ్వరు, తలుగు కూడా పోతే మళ్లీ ఆ ఇంటికి పశువు రాదని. రెండు తలుగులనూ చుట్టలు చుట్టి నాయిన భుజానికేసుకున్నాడు. బస్సులో పక్కన కూర్చున్నామె, తాళ్లెంతకు కొన్నరే తాతా అనడిగితే, "కొన్లే" అన్నాడు. ఇంటికొచ్చి కొట్టంలోని మేకుకు తగిలించాడు. ఇప్పటికీ ఉన్నాయి అక్కడే, కొట్టంలో ఎరువు బస్తాలు పెట్టినా, మేకు వంగినా. ఏడాదికోసారి దించి, ఎలుకలు కొరికాయేమో చూసి, మళ్లీ తగిలిస్తాడు.

ఆ ఎడ్లే ఈ కార్డు. ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు, అందరికీ తెలుసు. డబ్బా వచ్చిన రోజు నాయిన తువ్వాలతో చేతులు తుడుచుకుని పట్టుకుని చూశాడు, బరువు అంచనా వేస్తున్నట్టు రెండుసార్లు ఎత్తి దించాడు. "ఇంతేనా" అనలేదు. "గట్టిగనే ఉన్నది" అన్నాడు. దాని మూడు చిన్న ఫ్యాన్లు తిరగడం మొదలుపెడితే షాపంతా ఒక ఊపిరి వినపడేది, పని ఎక్కువైతే గట్టిగా, తక్కువైతే మెల్లగా. అంగడి రోజు పని మీద వచ్చినప్పుడు నాయిన బెంచీ మీద కూర్చుని ఆ చప్పుడు వినేవాడు. ఒకసారి కళ్లు మూసుకుని ఉంటే నిద్రపోయాడనుకున్నాడు బాలకృష్ణ, ఆయనేమో "ఇయ్యాల బాగ కష్టపడుతాంది గద" అన్నాడు. నిజమే, ఆ రోజు పెద్ద పెళ్లి, డ్రోను వీడియో. దసరాకు ఆయనే పసుపు కుంకుమ తెచ్చి షట్టరుకు, కెమెరాకు, తెరకు పెట్టి, "గా మూత తియ్యి" అన్నాడు. లోపల కరెంటుంటది నాయినా అంటే, "బంద్ చెయ్యి మరి. పని జేసేది లోపలున్నది, బొట్టు పైన డబ్బాకా?" అన్నాడు. ఉంగరపు వేలితో కార్డు మధ్య ఫ్యాను పక్కన ఒక చుక్క. నాలుగు దసరాలు. చుక్క మీద చుక్క. గట్టిపడి గింజంత అయింది.

సికింద్రాబాదులో ఆ కంప్యూటర్ల బజారు మెట్ల కింద, కొన్న మనిషి కార్డును లైటు కింద తిప్పి చూశాడు. "ఇదేంటి, తుప్పా?" కుంకుమ అని చెప్పాడు. అతను నవ్వలేదు, చెడ్డగా మాట్లాడలేదు, బొటనవేలితో గీకాడు. రాకపోతే కొద్దిగా ఉమ్ము తగిలించి మళ్లీ గీకాడు. పోయింది. ప్యాంటుకు వేలు తుడుచుకున్నాడు. అప్పుడైనా తాను వద్దనగలిగేవాడే. కార్డు ఇంకా ఇద్దరి మధ్య గాజుబల్ల మీదనే ఉంది. తాను చేసిందల్లా అతని ప్యాంటు మీది ఎర్ర మరకను చూడటం. ఇమ్లీబన్‌లో బస్సెక్కి సంచిలో చెయ్యి పెడితే వైరు తగిలింది. కార్డుతో పాటు డబ్బాలో వచ్చింది, దానికి కరెంటు అందించే చిన్న నల్ల వైరు, రెండు వైపులా మూతులది. డబ్బా ఇచ్చాడు, బిల్లు ఇచ్చాడు, ఇది మాత్రం సంచి అడుగున ఉండిపోయింది. మరిచిపోయాడో, మరిచిపోయినట్టు చేతులే చేశాయో. మర్నాడు షాపులో చుట్ట చుట్టి క్యాలెండరు పక్క మేకుకు తగిలించాడు. పెట్టడానికి జాగా లేక అక్కడ పెట్టాననుకున్నాడు.

ఎనిమిదైంది. లైవు మొదలైంది. సిగ్నలు బల్ల మీద ఉంటే రాదు, షట్టరు దగ్గర వస్తుంది. బయట ఆకాశం అట్లాగే ఉంది. ఫోన్‌లో పెద్ద హాలు, చీకటి, తెర, చప్పట్లు. ఒక మనిషి వేదిక మీదికి వచ్చాడు, చాలాసేపు నడిచాడు. ఇంగ్లీషు సగం అర్థమవుతుంది, సగం కాదు. పక్కన చీమల బారు పిచ్చిదైపోయింది. ముందు పెద్ద కార్డు చూపించాడు, ఇటుక రాయంత ఉంది, చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు, ఎవరి కోసమో తెలియదు, తన కోసం మాత్రం కాదు. తర్వాత దానికంటే కొద్దిగా చిన్నది. బాలకృష్ణ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు. ఇప్పుడు తనది చెప్తాడు, ఇట్లా మెట్లు దిగుతూ దిగుతూ తన దాకా వస్తాడు. ఇంకోటి. ఇంకోటి. తర్వాత తెర మారింది. తెర మీద ఒక మరమనిషి నడుస్తోంది. తర్వాత కార్లు, డ్రైవరు లేకుండా తిరుగుతున్న కార్లు. తర్వాత ఫ్యాక్టరీలు. మళ్లీ కార్డు దగ్గరికి వస్తాడేమో అని చూశాడు. చేతిలో ఫోన్ వేడెక్కింది. మరమనిషి చెయ్యి ఎత్తి ఊపితే హాలంతా చప్పట్లు కొట్టింది, సరిగ్గా అప్పుడే సిగ్నలు పోయి మరమనిషి చెయ్యి గాలిలో ఆగిపోయింది.

ఆగిపోయిన ఆ చేతిని చూస్తుంటే నాయిన చెయ్యి గుర్తొచ్చింది, ఒక పెళ్లి వీడియోలో దొరికింది. ఎడ్లు అమ్మిన ఏడాది ఎండాకాలంలో రఘుపతి వేరే ఊళ్లో తీసిన పెళ్లి అది. కత్తిరించని వీడియోలో ఎవరికీ తెలియకుండా మనుషులు మనుషుల్లాగా ఉంటారు. కెమెరా ఎటో తిరిగినప్పుడు అంచుల్లో దొరుకుతారు, చెప్పు వెతుక్కునేవాళ్లు, ఒంటరిగా ఏడ్చేవాళ్లు, లడ్డూ కొంగున కట్టుకునేవాళ్లు. అట్లా అంచులో నాయిన. పెళ్లికి పిలిస్తే పోయినట్టున్నాడు. ఊరేగింపు ముందుకు పోయింది, ఆయన వెనక ఉండిపోయి, ఎవరిదో బండి ఎద్దు మెడ కింద, గంగడోలు మీద, వేళ్లతో గోకుతున్నాడు. ఎద్దు మెడ చాచింది. ఇటూ అటూ చూసి ఇంకో చెయ్యి కూడా వేశాడు. ఎనిమిది సెకన్లు. పెళ్లివాళ్లకు అవసరం లేని ముక్క కాబట్టి కత్తిరించాడు, కత్తిరించాక పారేయలేదు. అప్పుడప్పుడు పెట్టుకుని చూసేవాడు, మెల్లగా నడిపించి చూసేవాడు. ఈ నెలలో ఒకసారి పెడితే నాయిన చెయ్యి ఎద్దు మెడ దాకా పోయి ఆగిపోయింది. తాకలేదు. ఆ రోజే తువ్వాల కప్పాడు.

సిగ్నలు వచ్చేసరికి అక్కడ అయిపోయింది, మనుషులు లేచి పోతున్నారు. రంగుల లైట్ల పిల్లగాడు అప్పుడే వచ్చేశాడు, కుర్చీలో ఊగుతూనే ఉన్నాడు. "మామా, మన బడ్జెట్ కార్డు గురించి ఇవాళ ఒక్క మాట కూడా చెప్పలేదు, కంగారు పడకండి, లోపలి సమాచారం ప్రకారం మార్చి, లేదంటే మే." ఆపేశాడు. వెంటనే రఘుపతి ఫోన్.

"సూసినవా అన్నా? మనది ఇంక రాలె గద. మార్చికట."

"మాఘం ముహూర్తాలు?"

"పదకొండు పెండ్లిళ్లు ఒప్పుకున్న అన్నా. నీ పాతదే మళ్ల కొందామా అని బజార్ల అడిగించిన. ఇప్పుడు దానికే గిరాకీ ఎక్కువయిందంట. కొత్తది రాలె గద, అందరు పాతదాని మీదనే పడ్డరు. నువ్వు అమ్మిన ధరకు ఇయ్యడు. తప్పు నాదే అన్నా."

"నీదేం లేదు," అన్నాడు బాలకృష్ణ. అతని మీద కోపం తెచ్చుకుందామని చూశాడు, అందుకు కూడా ఓపిక లేదు. ఎండాకాలం మధ్యాహ్నం బస్సు కోసం నిలబడ్డవాడికి, బస్సు రాదని చెప్పినవాడి మీద ఏం కోపం వస్తుంది. కూర్చోవడానికి జాగా ఎక్కడని చూసుకుంటాడు. బెంచీ మీద కూర్చున్నాడు. కాళ్లు నొప్పిగా ఉన్నాయి, గంట నుంచి నిలబడే ఉన్నానని అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ తువ్వాల మీది కదలికను చూసి ధర చెప్పినవాళ్లలో తానొకడు. తువ్వాల తీశారు. కింద తన చెయ్యే లేదు.

షట్టరు కింద నుంచి ముందు చెప్పులు కనపడ్డాయి, ఎర్రమట్టి పట్టినవి, ఎడమదానికి తీగ కట్టినవి. తర్వాత వంగి నాయిన గాలయ్య లోపలికి వచ్చాడు. ఆయన ఎక్కడికి వచ్చినా ముందు గుమ్మంలో ఒక్క క్షణం ఆగుతాడు, పరాయి చేనులోకి అడుగుపెట్టేవాడిలాగా. భుజాల మీద, కనుబొమల మీద, చెవుల వెంట్రుకల మీద పత్తి పింజలు. తలకు చుట్టిన తువ్వాల విప్పి దులుపుకుంటే షాపులో తెల్లటి నూగు లేచింది.

"లైటెయ్యలేదేందిరా?"

"ఇప్పుడే వచ్చిన నాయినా." లేచి వేశాడు. "లైను ఎంతున్నది?"

"పెట్రోలు బంకు దాటింది. మన వంతు ఇప్పట్ల రాదు. ట్రాక్టరు నడిపే ఐలేశం చూస్తా అన్నడు బండిని." బెంచీ మీద మూట పెట్టి, కూర్చోకుండా, చుట్టూ చూశాడు. చూడటం కాదది, వినడం. మెడ కొద్దిగా పక్కకు వాల్చి, మిషను దిక్కు. బాలకృష్ణ కరెంటు లేదని చెప్దామనుకున్నాడు, లైటు వెలుగుతోంది. పుష్యమాసం, పని లేదు, బంద్ చేసిన అని చెప్దామనుకున్నాడు, నోరు తెరిచాడు కూడా. నాయిన చూపు మిషను మీది నుంచి గోడ మీదికి పోయింది, క్యాలెండరు మీదికి, దాని పక్క మేకు మీదికి పోయింది. అక్కడ ఆగింది.

దగ్గరికి నడిచి వైరు చుట్టను మేకు నుంచి దించాడు. ఒక మూతి చూశాడు, రెండో మూతి చూశాడు. రెండూ ఖాళీ. ఈ వైరు ఎక్కడ ఉండేదో ఆయన నాలుగు దసరాలు దగ్గరగా చూసినవాడు. బొటనవేలితో దాని మీది దుమ్ము తుడిచాడు. చుట్ట వదులైతే మళ్లీ బిగించి, ఎట్లా ఉన్నదో అట్లా, మేకుకు తగిలించాడు. జారదు కదా అని ఒకసారి చేత్తో పట్టి చూశాడు.

"ఎన్నొద్దులాయె?"

"నెల దాటింది నాయినా." తర్వాత, ఎందుకో, "కొత్తది అగ్గువకు వస్తదన్నరు" అన్నాడు.

"అన్నరు," అన్నాడు గాలయ్య. అడిగినట్టు లేదు, దెప్పినట్టు లేదు. తన పడకటింట్లోని పత్తికి చెప్పుకున్నట్టుంది. "నాకూ అన్నరు. ఇయ్యాల ఏ రేటుంటె ఆ రేటుకు పోసేసి పోత. ఆగిన కాడికి సాలు." చెయ్యి చాచి మిషను మీది తువ్వాల అంచు పట్టుకున్నాడు, లాగుతాడేమో అనుకున్నాడు బాలకృష్ణ, వంకరగా ఉన్న అంచును సరిచేసి వదిలేశాడు. "చెయ్యి కడుక్కో. మళ్ల లైను కదుల్తది."

ఇద్దరూ షట్టరు బయట బిందెలోంచి నీళ్లు తీసుకుని చేతులు కడుక్కున్నారు. ఆకాశం ఇంకా తేలలేదు. లోపల బెంచీకి రెండు వైపులా కూర్చున్నారు, మధ్యలో మూట. నాయిన ముడి విప్పాడు. మూడు జొన్నరొట్టెలు, ఇంకా మెత్తగా, గుడ్డ తడికి కొద్దిగా చెమ్మగా. పుంటికూర తొక్కు, ఒక ఉల్లిగడ్డ. ఉల్లిగడ్డను పిడికిలితో బెంచీ మీద కొట్టి రెండు చేశాడు. రొట్టె ఒకటి కొడుకు ముందు పెట్టాడు, ఒకటి తను తీసుకున్నాడు, మూడోదాన్ని విరిచి పెద్ద ముక్క కొడుకు వైపు జరిపాడు. బల్ల మీద ఫోన్ బుర్రుమని కదిలింది, మళ్లీ కదిలింది, కదులుతూ కదులుతూ బల్ల అంచు దాకా వచ్చి ఆగింది. ఎవరూ అటు చూడలేదు. నాయిన నములుతుంటే కణతలు కదులుతున్నాయి. బాలకృష్ణ ముక్క తీసుకోబోతే నాయిన కనుబొమ మీది నుంచి ఒక పత్తి పింజ విడిపోయి, గాలిలో నిమ్మళంగా దిగి, అతని రొట్టె మీద వాలింది. వేళ్లతో తీసి పక్కన పెట్టుకున్నాడు, తుంచుకుని తిన్నాడు. తొక్కు పుల్లగా, ఉప్పగా ఉంది. నాయిన నీళ్ల చెంబు ఇటు జరిపాడు. తాగి, అటు జరిపాడు.